పొట్టి మాటలు - గట్టి అర్థములు

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ఉపన్యాస పాఠము)



మాట పొట్టిదైనంత మాత్రమున దాని అర్థము పొట్టిది కానక్కరలేదు. ఈ సంగతి తెలుగువారికి కొత్తగా చెప్పవలసినది కాదు. "రా" అను ఒక్క అక్షరము దూరమున నున్నవానిని ఇంటికి రప్పించును. "పో" అను ఒక్క అక్షరము ఇంటనున్నవానిని గడప దాటించును. "ఖ" యనగా ఆకాశము. ఆకాశమున పోవునది గనుక పక్షి ఖగమైనది. "కం" అనగా నీరు. నీట పుట్టినది గనుక తామర కంజమైనది. ఇట్టి ఒంటి అక్షరముల అర్థములను ఏర్చి కూర్చిన ఏకాక్షర నిఘంటువులు సంస్కృతమున ఏనాడో వెలసినవి.

ఆంగ్ల భాషలోను ఇట్టి పొట్టి మాటలు కలవు. అక్కడ హల్లొకటి, అచ్చొకటి కలిసినగాని తెలుగులోని ఒక అక్షరమంత కాదు. కావున ఆంగ్లమున రెండక్షరముల మాట యనగా తెలుగున ఇంచుమించు ఏకాక్షర పదమే. అట్టి మాటలలో పెక్కింటిని ఆంగ్లేయులు సైతము నిత్యము పలుకరు. పాఠ్యపుస్తకములలో అవి కానరావు. వాటిని బ్రతికించుచున్నవి రెండే రెండు: ఒకటి నిఘంటువు, రెండవది పదక్రీడ. ఆ మాటల అర్థమేమి, అవి ఏ దేశమునుండి వచ్చినవి, వాటివలన పల్లెటూరి చదువరికి కలుగు ప్రయోజనమేమి అనునదియే ఈ ప్రసంగ విషయము.

ముందుగా ఆ ఆటను గూర్చి రెండు మాటలు. ఆంగ్ల పదక్రీడలలో జగత్ప్రసిద్ధమైనది స్క్రాబుల్. దీనిని కల్పించినవాడు ఆల్‌ఫ్రెడ్ మోషర్ బట్స్ (1899-1993) అను అమెరికా దేశీయుడు. ఆయన వృత్తిచేత భవన శిల్పి. 1930 ప్రాంతమున అమెరికాను పీడించిన ఆర్థిక మాంద్యములో ఆయన ఉద్యోగము పోయెను. చేతిలో పనిలేని ఆ దినములలో ఆయన ఊరకుండక వార్తాపత్రికలను ముందుంచుకొని, ఏ అక్షరము ఎన్నిసార్లు వచ్చుచున్నదో లెక్క కట్టెను. ఆ లెక్కయే ఆటకు పునాది. తరచుగా వచ్చు అక్షరములకు బిళ్ళలు ఎక్కువ, విలువ తక్కువ. అరుదుగా వచ్చువానికి బిళ్ళలు తక్కువ, విలువ ఎక్కువ. మొత్తము 100 బిళ్ళలలో ఈ అను అక్షరమునకు 12, ఏ, ఐ అను వానికి తొమ్మిదేసి లభించినవి. క్యూ, జడ్, జే, ఎక్స్, కే అను వానికి ఒక్కొక్కటే దక్కినది. మాట చివర ఎస్ చేర్చి బహువచనము చేయుట మిక్కిలి సులువు గనుక, ఎస్ బిళ్ళలను ఆయన 4కు తగ్గించెను. క్యూ, జడ్ లకు పదేసి పాయింట్లు. జే, ఎక్స్ లకు ఎనిమిదేసి. రెండు బిళ్ళలు ఖాళీగా నుండును; వాటిని ఏ అక్షరముగనైనను వాడుకొనవచ్చును.

1938 నాటికి 15 గళ్ళ పొడవు, 15 గళ్ళ వెడల్పుగల పలక ఈ ఆటలో చేరెను. అమెరికాలోని పెద్ద కంపెనీలు దీనిని స్వీకరింపలేదు. పిమ్మట జేమ్స్ బ్రూనో అను మిత్రుడు 1948లో స్క్రాబుల్ అను పేరు నమోదు చేయించి, తానే పెట్టెలు తయారుచేయించెను. 1949లో 2,400 పెట్టెలు తయారై, 450 డాలర్ల నష్టము మిగిలెను. అయినను విడువక సాగింపగా, 1952 తరువాత కోరినవారికి పెట్టెలు అందింపలేని స్థితి వచ్చెను. కష్టకాలమున కూర్చుండి లెక్కించిన అక్షరములు ఇన్నేండ్లకు ఫలించినవి.

ఇక పొట్టి మాటల అవసరమేమనగా: ఆటగాని చేతిలో ఒక్కసారికి ఏడు బిళ్ళలుండును. పలకమీద ముందే ఉన్న మాటలకు తగులునట్లు కొత్త మాట వేయవలెను. పక్కపక్కన తగిలిన ప్రతి జతయు నిఘంటువులోని మాట కావలెను. పెద్ద మాటకు చోటు చిక్కనపుడు, కష్టమైన అక్షరము చేతిలో చిక్కుకొన్నపుడు, రెండక్షరముల మాటయే గట్టెక్కించును. పేటగోడలో రెండు పెద్దరాళ్ళ నడుమ చిన్నరాయి ఎట్లో, పలకమీద ఈ మాట అట్లు. ప్రపంచమున పెక్కు దేశముల పోటీలకు ప్రమాణమైన కాలిన్స్ వారి పట్టికలో 2019 నాటికి ఇట్టి రెండక్షరముల మాటలు 127 చేరినవి. ఆశ్చర్యమేమనగా, వీ అను అక్షరముతో రెండక్షరముల మాట ఒక్కటియు లేదు.

ఆటగాండ్రు మిక్కిలి ప్రేమించు మాట క్యూ, ఐ అను అక్షరములతో ఏర్పడినది. ఆంగ్లమున క్యూ వెంట యూ రాక తప్పదని బడిలో నేర్పుదురు. ఈ మాటకు యూ అక్కరలేదు. దీనిని "చీ" యని పలుకవలెను. తెలుగున ఛీ యన్నచో చీదరింపు. చైనా భాషలో చీ యన్నచో దేహమందు ప్రవహించు జీవశక్తి. వారి వైద్యమునకు, వ్యాయామమునకు ఈ భావమే మూలము. తెలుగువారు ప్రాణము అను మాటను ఊపిరికిని, జీవశక్తికిని వాడునట్లే చైనావారు ఈ మాటను గాలికిని, శక్తికిని వాడుదురు. అమెరికావారి పట్టికలో దీనికి 2006లో ప్రవేశము లభించెను. పలకమీది కొన్ని గళ్ళకు అక్షరపు విలువను మూడింతలు చేయు గుణము కలదు. అట్టి గడిలో క్యూ పడి, అడ్డముగా ఒక చీ, నిలువుగా ఒక చీ ఏర్పడినచో ఒక్క ఎత్తులో 62 పాయింట్లు వచ్చును.

ఏ, ఐ అను రెండక్షరములు నేడు లోకమున మారుమ్రోగుచున్నవి. కృత్రిమ మేధకు అది సంక్షిప్త నామము. కాని ఆటలో సంక్షిప్త నామములు చెల్లవు. వ్యక్తుల పేర్లు, ఊర్ల పేర్లు కూడ చెల్లవు. అయినను ఏ, ఐ చెల్లును. కారణము అది ఒక జంతువు పేరు. దక్షిణ అమెరికా అడవులలో చెట్టుకొమ్మలకు తలక్రిందులుగా వ్రేలాడుచు, మూడేసి గోళ్ళతో మెల్లమెల్లగా ప్రాకు స్లాత్ అను మృగమును బ్రెజిల్ దేశపు టూపీ జాతివారు దాని అరపునుబట్టి "ఆయీ" యని పిలిచిరి. జోలపాటలోని ఆయీవలె ధ్వనించు ఈ పేరు నిద్రమత్తు వదలని ఆ మృగమునకు తగియే యున్నది. అది చెట్టు దిగి నేలకు వచ్చునది వారమునకు ఇంచుమించు ఒక్కసారి మాత్రమే. క్షణములో కోటి లెక్కలు చేయు యంత్రమునకు, వారమునకొకసారి చెట్టు దిగు మృగమునకు ఒకే అక్షరములు దొరకుట భాషలోని చమత్కారము.

ఏ అక్షరమును రెండుసార్లు వ్రాసినచో హవాయి దీవుల మాట. అగ్నిపర్వతమునుండి పారిన ద్రవశిల చల్లారి, మొనలు దేరి, కాలు పెట్టరానంత గరుకుగా గట్టిపడినచో దానిని హవాయివారు "ఆ-ఆ" యందురు. నున్నగా, త్రాడు చుట్టలవలె గట్టిపడినదానికి వేరొక పేరు కలదు. అగ్నిపర్వతముల నడుమ కాపురముండువారికి రాతి గరుకుదనము కూడ విడిగా పేరు పెట్టదగిన విషయము. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ మాటను అట్లే గ్రహించి లోకమంతట వాడుచున్నారు. నల్లరేగడి, చవుడు, దువ్వనేల, గరపనేల అని నేలను పేర్లుపెట్టి పిలుచు రైతునకు ఇందలి న్యాయము వెంటనే బోధపడును.

జడ్, ఓ కలిసిన "జో" హిమాలయములది. జడలబర్రెను ఆవుతో సంకరము చేయగా పుట్టిన పశువునకు టిబెట్టువారు పెట్టిన పేరది. అది బరువు మోయుటకును, దున్నుటకును మేలైనది. కాని ఆ జాతి మగపశువునకు సంతానము కలుగదు. ఇదే మాటను ఆంగ్లమున మూడు నాలుగు విధములుగ వ్రాయుదురు. అన్నియు ఆటలో చెల్లును. జే, ఓ కలిసిన మరియొక "జో" స్కాట్లండు దేశమున ప్రియమైనవారిని పిలుచు పిలుపు. ఓ, ఈ అనునవి కలిసినచో ఉత్తర అట్లాంటిక్ సముద్రమందలి ఫారో దీవుల చెంత వీచు సుడిగాలి. ఎక్స్, యూ కలిసినచో వియత్నాము దేశపు చిల్లర నాణెము; డాంగు అను నాణెములో నూరవ వంతు. ఫ్రెంచివారు ఆ దేశమును ఏలినపుడు వారి "సూ" అను చిల్లర నాణెపు పేరే అక్కడ నిలిచిపోయినది. ఏలినవారు పోయిరి, ధరలు పెరిగి ఆ చిల్లరయు చెలామణి నుండి పోయినది, పేరు మాత్రము నిఘంటువున మిగిలినది.

సంగీతము తెలిసినవారికి మరియొక వరుస సులభముగ పట్టుబడును. డో, రే, మీ, ఫా, సో, లా, టీ అనునవి పాశ్చాత్యుల స్వర సంజ్ఞలు, తెలుగువారి సరిగమపదనులవంటివి. ఇవన్నియు రెండక్షరముల మాటలే, అన్నియు ఆటలో చెల్లును. 11వ శతాబ్దమున ఇటలీలో గ్విడో అను క్రైస్తవ సన్యాసి తన శిష్యులకు స్వరములు తేలికగా పట్టువడుటకు ఒక లాటిన్ స్తోత్రములోని పాదముల మొదటి అక్షరములను స్వరనామములుగా చేసెను. అప్పుడు మొదటి స్వరము "ఉత్". తరువాతి కాలమున దానికి బదులు డో వచ్చినది. పలుకుట మానివేసిన ఆ ఉత్ కూడ నేటికిని పదక్రీడలో చెల్లుచునే యున్నది.

అచ్చుకూటములో పనిచేసినవారికి ఎమ్, ఎన్ అనునవి సుపరిచితములు. ఎమ్ అను అక్షరపు దిమ్మె వెడల్పును కొలతగా తీసికొని దానికి ఎమ్ అనియే పేరు పెట్టిరి. అందులో సగము ఎన్. పంక్తిలో మాటకు మాటకు నడుమ విడుచు చోటును ఈ కొలతలతోనే నిర్ణయింతురు. అక్షరము పేరు వ్రాయుటకు రెండక్షరములు కావలసివచ్చెను గనుక అదియు ఒక పదమైనది.

అచ్చు లేని మాట ఉండునా యని సందేహము కలుగవచ్చును. సీ, డబ్ల్యూ, ఎమ్ అను మూడక్షరములతో ఒక మాట కలదు. ఆంగ్లపు లెక్కలో మూడును హల్లులే. కాని ఇది వేల్సు దేశపు మాట. ఆ భాషలో డబ్ల్యూ ఉకారమువలె పలుకుటకును పనికివచ్చును. కావున దీనిని "కూమ్" అని పలుకవలెను. కొండ ఒడిలో దొప్పవలె నున్న లోయ యని అర్థము. ఈ మాట హిమాలయములకును ఎక్కినది. 1921లో ఎవరెస్టు మార్గమును పరిశీలింపవచ్చిన జార్జి మాలరీ, శిఖరము చెంత మంచుతో నిండిన ఒక మహా లోయను చూచి దానికి పశ్చిమపు కూమ్ అని పేరు పెట్టెను. 1953 మే 29న శిఖరమెక్కిన టెన్సింగ్, హిల్లరీలు ఆ లోయగుండనే పోయిరి. వేల్సు గొల్లల నోటి మాట ప్రపంచపు అత్యున్నత శిఖరము పాదమున నిలిచినది.

పనిముట్ల పేర్లలో జడ్, ఏ, ఎక్స్ కలిసిన "జాక్స్" చెప్పదగినది. ఇంటి పైకప్పుకు పలకరాళ్ళు పరచు పనివాడు ఆ రాళ్ళను కోయుటకును, మేకులకు రంధ్రములు పొడుచుటకును వాడు కత్తి ఇది. కత్తి యను అర్థముగల ప్రాచీన ఆంగ్లపదమే ఈ రూపు దాల్చినది. మూడే అక్షరములు, విలువ 19 పాయింట్లు. పలకరాళ్ళ ఇండ్లు తగ్గినకొలది ఆ పనిముట్టును, ఆ పనివాడును కనుమరుగగుచున్నారు.

శాస్త్రజ్ఞులు వినోదముగ కల్పించిన మాటయు ఒకటి కలదు. విద్యుత్తు ప్రవాహమునకు కలుగు నిరోధమును కొలుచుటకు ఓమ్ అను ప్రమాణము జర్మను శాస్త్రజ్ఞుని పేర ఏర్పడినది. నిరోధమునకు విలోమమైన వాహకతకు పేరు కావలసివచ్చినపుడు 1883లో విలియం థామ్సన్, అనగా లార్డు కెల్విన్, ఆ మాటనే త్రిప్పివ్రాసి "మో" యని పెట్టెను. భావము తలక్రిందులు గనుక మాటయు తలక్రిందులైనది. నేడు శాస్త్రమున దాని స్థానమును సీమెన్సు అను పేరు ఆక్రమించినది. ఆటలో మాత్రము మో పదిలముగ నున్నది.

ఇట్లు చైనా, బ్రెజిల్, హవాయి, టిబెట్టు తిరిగివచ్చినవారికి, ఈ పట్టికలో సొంత ఇంటి ముఖములు కూడ కనబడును. ఓం చెల్లును, శ్రీ చెల్లును. పప్పు అను అర్థమున దాల్, నెయ్యి యను అర్థమున ఘీ, వేపచెట్టు అను అర్థమున నీమ్, లక్కకు లాక్ చెల్లును. తులము తోలాగా చేరినది. ఎస్, ఈ, ఆర్ అను మూడక్షరముల "సేర్" మరేదియు కాదు, అంగడిలో తూచిన శేరే. అణాయు, పైసయు, పైయు కలవు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, వెరసి రూపాయికి 192 పైలని ముత్తాతలు వల్లించిన లెక్క 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు రాగానే పాతబడెను. శేరు స్థానమున కిలోగ్రాము వచ్చెను. భారతదేశపు అంగళ్ళలో చెల్లని అణాయు, శేరును అమెరికాలోని పదక్రీడా పలకమీద నేటికిని చెల్లుచుండుట వింత!

పొట్టిది కాకపోయినను తెలుగువారు మరువరాని మాట బ్యాండికూట్. ఇది అచ్చ తెనుగు పందికొక్కు. గాదెలను త్రవ్వి ధాన్యమును కొల్లగొట్టు ఆ జంతువును చూచిన ఆంగ్లేయులు తెలుగు రైతు పిలిచిన పేరుతోనే దానిని వ్రాసికొనిరి. తరువాత ఆస్ట్రేలియాలో పొట్టసంచిలో పిల్లలను మోయు ఒక చిన్న మృగమునకు అదే పేరు అంటగట్టిరి. పందికొక్కు సముద్రములు దాటినది. దానిని తిట్టిన రైతునకు ఆ సంగతి తెలియదు.

ఇన్ని దేశముల మాటలను ఆంగ్లము ఎరువు తెచ్చుకొని సిగ్గుపడలేదు. తెలుగును అట్లే కుర్చీని అరబ్బీ నుండి, అనాసను, అలమారాను, తువాలును పోర్చుగీసువారి నుండి గ్రహించి తనవి చేసికొన్నది. ఇచ్చిపుచ్చుకొనుట వలన ఏ భాషయు చిన్నబోదు. ఆంగ్లమనిన పల్లెటూరి బాలురకు భయము సహజము. అది ఎవరో గొప్పవారి భాష యని వారి తలంపు. కాని ఆ భాషను నిలిపిన మాటలలో ఎన్నియో గొల్లలవి, జాలరులవి, రాళ్ళు కొట్టువారివి, ధాన్యము కొలుచువారివి. ఈ సంగతి తెలిసిన బాలునకు ఆ భాష ముందు తల వంచవలసిన పనియు లేదు, దానిని ద్వేషింపవలసిన పనియు లేదు.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు: ఆటలో గెలుచుటకు అర్థము తెలియవలెనా? తెలియనక్కరలేదు. ఇందుకు గొప్ప తార్కాణము న్యూజీలండ్ దేశీయుడైన నైజల్ రిచర్డ్స్. ఆయన ఆంగ్ల పదక్రీడలో ప్రపంచ విజేతగా 2007, 2011, 2013, 2018, 2019 సంవత్సరములలో నిలిచెను. అంతతో ఆగక, ఫ్రెంచి భాష మాటలాడుట రాకయే, తొమ్మిది వారములపాటు ఫ్రెంచి పదముల పట్టికను కంఠస్థము చేసి, 2015లో ఫ్రెంచి పోటీలో గెలిచెను. 2024లో స్పానిష్ భాషా పోటీలోను అట్లే గెలిచెను. ఆ ధారణాశక్తికి చేతులెత్తి మ్రొక్కవలసినదే. ఆట నియమమునకు అది విరుద్ధమును కాదు. ఆటకు కావలసినది అక్షరముల వరుస మాత్రమే.

అయినను ఆటగానికి చెల్లినది చదువరికి చెల్లదు. ఫ్రెంచి పోటీలో గెలిచిన ఆ మాటలతో ఫ్రెంచి దేశమున దాహమునకు నీళ్ళడుగుట సాధ్యము కాదు. పరీక్షకొరకు ఆంగ్ల వ్యాసములను అర్థమెరుగక వల్లెవేయు విద్యార్థుల స్థితియు ఇంతకంటె భిన్నము కాదు. వారికి ఆ విజేత జ్ఞాపకశక్తియు లేదు, విజయమును లేదు. పరీక్ష ముగిసిన మరునాడు ఆ పదములు ఎగిరిపోవును. అర్థముతో, దేశముతో, కథతో కూడ నేర్చిన మాట ఎగిరిపోదు. కూమ్ అను మాటను ఎవరెస్టుతో కలిపి విన్నవాడు దానిని మరచునా?

మాటల పట్టికలోనికి ఎక్కుట కూడ ఒక్కనాటి పని కాదు. ఓకే యను మాట తెలియని ఊరు నేడు లేదు. అది 1839లో బోస్టను నగరపు పత్రికలో పరిహాసముగా, తప్పుడు వ్రాతకు సంక్షిప్తముగా పుట్టినది. లోకమంతయు పలుకుచున్నను, పదక్రీడవారు దానిని అమెరికా పట్టికలో 2018లోను, కాలిన్స్ పట్టికలో 2019లోను మాత్రమే అంగీకరించిరి. నోట నున్న మాట నిఘంటువున కెక్కుటకు ఎవరో ఒకరు పూనుకొని వ్రాయవలెను. వ్రాయనిచో, పలుకువారితోనే మాట అంతరించును.

అసలు విషయము ఇక్కడనే యున్నది. పలకరాళ్ళు కోయువాని కత్తి పేరు ఆంగ్ల నిఘంటువున పదిలముగ నున్నది. తెలుగు పల్లెలలోని ఏతము, కపిల, గుంటక, దంతె ఏమగుచున్నవి? మానిక, తవ్వ, సోల, గిద్ద అని కొలిచిన నోళ్ళు ఎన్ని మిగిలినవి? ఈ నష్టమును ముందుగనే గుర్తించి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశమును ప్రారంభించెను. వ్యవసాయ పదముల సంపుటము 1962లోను, చేనేత పదముల సంపుటము 1971లోను వెలువడెను. ఊరూర తిరిగి, రైతులను, నేతగాండ్రను అడిగి వ్రాసికొన్న మాటలవి. మహత్తరమైన ఆ పని ఒక సంస్థతో ముగియునది కాదు.

గ్రామ గ్రంథాలయము చేయదగిన కార్యము రెండు విధములు. మొదటిది: పఠనమందిరమున ఒక మంచి ఆంగ్ల నిఘంటువును, ఒక తెలుగు నిఘంటువును బీరువాలో తాళము వేయక బల్లమీద నుంచవలెను. బాలురు రోజునకు ఒక పొట్టి ఆంగ్ల మాటను వెదకి, దాని పలుకుబడి, అర్థము, పుట్టిన దేశము ఒక పుస్తకమున వ్రాయవలెను. ఏడాదికి 365 మాటలగును. రెండక్షరముల మాటలన్నియు నాలుగైదు మాసములలోనే ముగియును. తరువాత వారు పదక్రీడ ఆడినను, పత్రికలోని గళ్ళ నుడికట్టు నింపినను, గెలుపుతోపాటు జ్ఞానమును దక్కును.

రెండవది ఇంతకంటె ముఖ్యము. ఆ పుస్తకపు ఎదుటి పుటలో అదే రోజున ఒక తెలుగు మాట చేరవలెను. అది కమ్మరి కొలిమి దగ్గర విన్నది కావచ్చును. కుమ్మరి సారె చెంత విన్నది కావచ్చును. ముసలమ్మ వంటింట పలికినది కావచ్చును. అచ్చుపుస్తకములలో లేనిదైనచో మరింత మేలు. ఎడమ పుటలో బ్రెజిల్ అడవి, కుడి పుటలో ఊరి పొలము. ఇట్లు పాతికేండ్లు వ్రాసినచో, ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, ఎక్కడను కొనుటకు దొరకని ఒక నిఘంటువు దాని బీరువాలో నుండును.

పందికొక్కు పేరును వ్రాసికొన్నవాడు పరదేశి. మిగిలిన మాటలను వ్రాసికొనుటకు కూడ పరదేశియే రావలెనని ఊరివారు ఎదురుచూడరాదు. కలము, కాగితము, అడిగి తెలిసికొను ఓపిక ఉన్నచో చాలును. ఈ గ్రంథాలయ చందాదారులు అందుకు పూనుకొందురు గాక! గ్రంథాలయము దినదినాభివృద్ధి నొందు గాక!